రొదకూ ఒక చరిత్ర ఉంది: పాత అనలాగ్ మిక్సింగ్ కన్సోల్‌లో చప్పుడు వెతికే విద్య

రేడియో కేంద్రంలోనో, సినిమా రికార్డింగ్ థియేటర్‌లోనో గాజు కిటికీకి ఇవతల వరుసలు వరుసలుగా నాబ్‌లు, పైకీ కిందికీ జరిపే ఫేడర్లు అమర్చిన పెద్ద బల్లలాంటి యంత్రాన్ని మీరు చూసే ఉంటారు. దానిని మిక్సింగ్ కన్సోల్ అంటారు. గాయకుడి మైకు, వయొలిన్ మైకు, మృదంగం మైకు వేర్వేరు దారుల్లో వచ్చి ఇక్కడ కలిసి ఒకే ధ్వనిగా టేపు మీదికో, ప్రసార యంత్రానికో వెళతాయి. 1970లలో, 80లలో తయారైన ఇలాంటి కన్సోళ్లు కొన్ని నేటికీ పనిచేస్తున్నాయి. అయితే వయసు మీరిన ఇంట్లో గోడలు చెమ్మ పట్టినట్టు వాటిలో రొద చేరుతుంది. ఎవరూ పాడకపోయినా స్పీకరులో ఏదో వినిపిస్తూనే ఉంటుంది.

ఈ పాఠంలో ఆ రొద ఎక్కడిదో వెతికే విద్య గురించి తెలుసుకుందాం. ఇది సాంకేతిక విషయమే అయినా దీనిని చరిత్ర పాఠంగానే చెప్పుకోవాలి. ఎందుకంటే పాత కన్సోల్‌లో వినిపించే ప్రతి చప్పుడుకూ ఒక కాలం ఉంది. ఒకటి టెలిఫోను తొలినాళ్లది, ఒకటి వాల్వుల కాలానిది, ఇంకొకటి మొబైల్ ఫోన్లు వచ్చాక చేరినది. ఏ చప్పుడు ఏ కాలానిదో తెలిస్తే, అది ఎక్కడ దాగి ఉందో సగం తెలిసినట్టే.

చెవితో మొదటి పరీక్ష

రొద అనే ఒకే పేరు కింద మనం కనీసం మూడు వేర్వేరు సంగతులను కలిపేస్తాం. మొదటిది హమ్. తేనెటీగల తుట్టె దగ్గర నిలబడినట్టు ఒకే స్థాయిలో సాగే గుయ్యిమనే చప్పుడు ఇది. రెండోది బుస. దూరాన జలపాతం పడుతున్నట్టు ఎడతెగకుండా ఉంటుంది. మూడోది చిటపటలు. ఇవి వస్తాయి, పోతాయి. ఫేడర్ జరిపినప్పుడో, బల్ల మీద చేయి ఆనించినప్పుడో పలుకుతాయి.

హమ్‌ను ఇంకాస్త శ్రద్ధగా వినాలి. మన దేశంలో ఇళ్లకు వచ్చే విద్యుత్తు పౌనఃపున్యం 50 హెర్ట్జ్. బయటి కరెంటు తీగల ప్రభావమో, ఎర్త్ తీగల్లో దోషమో ఉంటే ప్రధానంగా 50 హెర్ట్జ్, దాని గుణిజాలు వినిపిస్తాయి. కన్సోల్ లోపలి పవర్ సప్లైలో కరెంటును ఏకముఖం చేసే డయోడ్లు తరంగంలోని రెండు అర్ధభాగాలనూ వాడుకుంటాయి. కాబట్టి అక్కడి కెపాసిటర్ ఎండిపోతే వచ్చే హమ్ 100 హెర్ట్జ్ దగ్గర, ఒక స్థాయి పైన ఉంటుంది. సంగీతం తెలిసినవారు మంద్ర షడ్జానికీ మధ్య షడ్జానికీ తేడా పట్టినట్టే దీనినీ పట్టగలరు. అమెరికాలో విద్యుత్తు 60 హెర్ట్జ్ కనుక అక్కడి యంత్రాల్లో ఈ అంకెలు 60, 120 అవుతాయి. సరైన వేగంతో తిప్పిన పాత టేపులో 60 హెర్ట్జ్ హమ్ వినిపిస్తే అది ఏ ఖండంలో రికార్డయిందో ఊహించడానికి అదొక ఆధారం.

టెలిఫోను ఇచ్చిన వారసత్వం

తొలి టెలిఫోను లైన్లలో ఒకే తీగ ఉండేది. కరెంటు తిరిగి రావడానికి భూమినే రెండో తీగగా వాడుకునేవారు. పక్కనే టెలిగ్రాఫు తీగలు ఉంటే వాటి టకటకలు సంభాషణలోకి జొరబడేవి. 1881లో అలెగ్జాండర్ గ్రాహంబెల్ రెండు తీగలను పురి పెట్టి మెలివేసే పద్ధతికి పేటెంటు పొందారు. బయటి నుంచి వచ్చే రొద రెండు తీగల మీదా దాదాపు సమానంగా పడుతుంది. చివరన రెండింటి మధ్య తేడాను మాత్రమే తీసుకుంటే మాట మిగులుతుంది, రొద రద్దవుతుంది. ఈనాటికీ స్టూడియో మైకు కేబుల్‌లో జరిగేది ఇదే. మైకు కనెక్టరులో మూడు పిన్నులు ఉంటాయి. రెండు, మూడు ధ్వనిని మోస్తాయి. ఒకటో పిన్ను పైన కప్పిన తీగజాలికి, అంటే షీల్డుకు చెందుతుంది.

ఇక్కడే ఒక పాత పొరపాటు పొంచి ఉంది. చాలామంది తయారీదారులు ఆ ఒకటో పిన్నును లోహపు పెట్టెకు కలపకుండా లోపలి సర్క్యూట్ బోర్డు ఎర్త్‌కు కలిపారు. దానితో షీల్డు అడ్డుకున్న రొద అంతా నేరుగా ధ్వని మార్గంలోకి ప్రవహించింది. ఇంటి బయట చెత్త వేయడానికి పెట్టిన బుట్టను నట్టింట్లో బోర్లించినట్టయింది. 1995లో నీల్ మన్సీ అనే ఇంజనీరు ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ పత్రికలో దీనిని విశదీకరించి, ‘పిన్ వన్ సమస్య’ అనే పేరును ప్రచారంలోకి తెచ్చారు. 2005లో ఆ సొసైటీ దీనిపై ప్రమాణాన్ని ప్రకటించింది. అంతకు ముందు తయారైన కన్సోల్ మీ ముందు ఉంటే, ఈ దోషం ఉందేమో చూడటం తప్పనిసరి.

కొలతలు కూడా టెలిఫోను నుంచి వచ్చినవే. డెసిబెల్ అనే మాటలో బెల్ పేరే ఉంది. స్టూడియోలో ధ్వని స్థాయికి 0.775 వోల్టులను సున్నా గుర్తుగా తీసుకుంటారు. ఈ వింత అంకె 600 ఓముల టెలిఫోను లైనులో ఒక మిల్లీవాట్ శక్తి పారినప్పుడు కనిపించే వోల్టేజి.

వేడి చేసే చప్పుడు

ఇప్పుడు బుస సంగతి. 1918లో జర్మనీలో వాల్టర్ షాట్కీ వాల్వుల్లోని రొదను సిద్ధాంతరీత్యా పరిశీలించారు. ఎలక్ట్రాన్లు నీటిధారలా కాక విడివిడి గింజల్లా వచ్చి పడటం వల్ల కొంత చప్పుడు తప్పదని చెప్పారు. 1928లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో పనిచేస్తున్న జాన్ బి. జాన్సన్ మరో సంగతి ప్రకటించారు. ఏ కరెంటూ పారకపోయినా, కేవలం వేడి వల్ల ప్రతి నిరోధకమూ సన్నని రొద పుట్టిస్తుంది. హారీ నైక్విస్ట్ దానికి గణిత సూత్రం ఇచ్చారు. ఇద్దరూ స్వీడన్‌లో పుట్టి అమెరికా వెళ్లినవారే.

ఈ సూత్రం పాత కన్సోల్ ముందు కూర్చున్న మనిషికి ఎలా ఉపయోగపడుతుందో చూడండి. 200 ఓముల మైకు, 27 డిగ్రీల గది, 20,000 హెర్ట్జ్ వెడల్పు అనుకుంటే, పుట్టే రొద సుమారు 0.26 మైక్రోవోల్టులు. స్టూడియో కొలమానంలో అది దాదాపు మైనస్ 130 డెసిబెల్లు. దానిని 60 డెసిబెల్లు పెంచితే మైనస్ 70 అవుతుంది. ఎంత ఖరీదైన కన్సోల్ అయినా ఇంతకంటే నిశ్శబ్దంగా ఉండలేదు.

కాబట్టి మైకు తీసేసి, రెండు, మూడు పిన్నుల మధ్య 200 ఓముల నిరోధకం పెట్టి, 60 డెసిబెల్ల గెయిన్ ఇచ్చి కొలవండి. మైనస్ 68 వచ్చిందా? ఆ చానల్‌కు దండం పెట్టి వదిలేయండి. మైనస్ 55 వచ్చిందా? అప్పుడు లోపల జబ్బు ఉన్నట్టే. ఈ లెక్క తెలియకే కొందరు ఆరోగ్యంగా ఉన్న చానళ్లను విప్పి, భాగాలు మార్చి, ఉన్న నాణ్యతను పోగొట్టుకుంటారు.

వాల్వు నుంచి చిప్పు దాకా

1950లలో స్టూడియో యాంప్లిఫయర్లు వాల్వులతో నడిచేవి. 1960లలో ట్రాన్సిస్టర్లు వచ్చాయి. 1964లో లండన్‌లో ఫిలిప్స్ రికార్డ్స్ సంస్థ కోసం రూపర్ట్ నీవ్ ట్రాన్సిస్టర్లతో పరికరాలు తయారుచేశారు. 1968లో ఈఎంఐ సంస్థ తన అబ్బే రోడ్ స్టూడియోలో వాల్వు కన్సోల్ స్థానంలో ట్రాన్సిస్టర్ కన్సోల్‌ను అమర్చింది. అదే ఏడాది ఫెయిర్‌చైల్డ్ సంస్థ 741 అనే సమీకృత చిప్పును విడుదల చేసింది. అది చవక, చిన్నది. కానీ మైకు స్థాయి సంకేతాలకు రొద ఎక్కువ. 1970ల చివరికి టీఎల్072, ఎన్ఈ5532 వంటి చిప్పులు వచ్చాక ఆ లోటు చాలావరకు తీరింది.

పరికరాలు చిన్నవి కావడంతో చానళ్ల సంఖ్య పెరిగింది. దానితో ఒక కొత్త సమస్య వచ్చింది. 24 చానళ్లను ఒకచోట కలిపే యాంప్లిఫయర్ తన సొంత రొదను 25 రెట్లు, అంటే 28 డెసిబెల్లు పెంచుకుంటుంది. పైగా ఒక్కో చానల్ బుస వచ్చి కలుస్తుంది. ఇక్కడ ఒక చక్కని పరీక్ష ఉంది. ఒక చానల్ ఫేడర్ ఎత్తి కొలవండి, తరువాత అలాంటిదే రెండోది ఎత్తండి. బుస అయితే 3 డెసిబెల్లు పెరుగుతుంది. ఎందుకంటే ఒక చానల్ బుసకూ మరొక చానల్ బుసకూ సంబంధం లేదు. అన్నిటికీ ఉమ్మడిగా ఉన్న పవర్ సప్లై నుంచి వచ్చే హమ్ అయితే 6 డెసిబెల్ల దాకా పెరుగుతుంది. అందరూ ఒకే తాళంలో చప్పట్లు కొట్టినట్టు అది కలిసి వస్తుంది. కొలమానంలో వచ్చిన ఈ తేడా దొంగ ఇంటివాడో బయటివాడో చెప్పేస్తుంది.

చిటపటల విషయంలో తొందరపాటు పనికిరాదు. ఫేడర్ కరకరమంటే చాలామంది వెంటనే శుభ్రపరిచే స్ప్రే కొడతారు. దుమ్మే కారణమైతే తగ్గుతుంది. వారం తిరక్కుండా మళ్లీ వస్తే మల్టీమీటరుతో ఫేడర్ చివరల మధ్య డీసీ వోల్టేజి కొలవండి. ముందున్న కెపాసిటర్ లీకై డీసీ చేరితే, ఎంత శుభ్రమైన ఫేడర్ అయినా అరుస్తుంది. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల ఆయుష్షు వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగితే సుమారుగా సగమవుతుందని ఇంజనీర్ల వాడుక లెక్క. మన ఎండాకాలంలో ఏసీ లేని గదిలో ఉంచిన కన్సోల్ ఎందుకు త్వరగా ముసలిదవుతుందో దీనితో అర్థమవుతుంది. పేలాలు వేగినట్టు ఆగి ఆగి వచ్చే చప్పుడు సాధారణంగా ట్రాన్సిస్టర్ లేదా చిప్పు లోపలి మలినం వల్ల వస్తుంది. అనుమానమున్న భాగాన్ని చల్లార్చే స్ప్రేతో క్షణం చల్లబరిస్తే చప్పుడు మారుతుంది. మారిందంటే నేరస్తుడు అదే.

చండీగఢ్‌లో మొలిచిన ఆలోచన

రొదతో జరిగిన పోరులో మన దేశానికీ చోటు ఉంది. అమెరికన్ ఇంజనీరు రే డాల్బీ కేంబ్రిడ్జ్‌లో డాక్టరేట్ ముగించాక 1963లో యునెస్కో సలహాదారుగా భారతదేశం వచ్చారు. చండీగఢ్‌లోని కేంద్రీయ శాస్త్రీయ పరికరాల సంస్థలో రెండేళ్లు పనిచేశారు. టేపు బుసను తగ్గించే పద్ధతికి ఆలోచన ఆయనకు ఇక్కడ ఉన్నప్పుడే రూపుదిద్దుకుంది. 1965లో లండన్ వెళ్లి డాల్బీ ల్యాబొరేటరీస్ స్థాపించారు. 1966లో డెక్కా రికార్డు సంస్థ ఆయన తొలి పరికరాలను కొన్నది. 2013లో ఆయన కన్నుమూసేనాటికి ఆ పేరు ప్రపంచమంతటా సినిమా తెరల మీద కనిపించేది.

ఆయన పద్ధతి సూటిగా ఉంటుంది. టేపు మీదికి పంపేముందు మెల్లని ధ్వనులను పెంచాలి. వినేటప్పుడు అంతే తగ్గించాలి. మధ్యలో టేపు చేర్చిన బుస కూడా దానితోపాటు తగ్గిపోతుంది. దీనిలో గమనించవలసిన పరిమితి ఒకటి ఉంది. పెంచడానికి ముందే ధ్వనిలో కలిసిన రొదను ఇది తీయలేదు. కన్సోల్‌లో పుట్టిన హమ్ టేపుకు చేరేసరికి పాటలో భాగమైపోతుంది. అందుకే డాల్బీ తరువాత కూడా కన్సోల్ మరమ్మతు చేసేవారి అవసరం తీరలేదు.

బయటి నుంచి వచ్చిన కొత్త చప్పుళ్లు

కన్సోల్ మారకపోయినా దాని చుట్టూ ప్రపంచం మారింది. 1957లో జనరల్ ఎలక్ట్రిక్ ప్రకటించిన థైరిస్టర్‌తో దీపాల వెలుతురు తగ్గించే డిమ్మర్లు వచ్చాయి. అవి కరెంటు తరంగాన్ని మధ్యలో కోస్తాయి కనుక ధ్వని తీగల్లో జుయ్యిమనే రొద పుట్టించాయి. 1995 జులై 31న కలకత్తా నుంచి ఢిల్లీకి మన దేశంలో తొలి మొబైల్ ఫోన్ సంభాషణ జరిగింది. ఆ తరువాతి ఏళ్లలో స్టూడియోల్లో టిట్-టిట్-టిట్ అనే చప్పుడు మొదలైంది. ఆ తరం ఫోన్లు సెకనుకు సుమారు 217 సార్లు రేడియో శక్తిని విడతలుగా వదిలేవి. 1975లో కన్సోల్ తయారుచేసినవారు ఆ చప్పుడును ఊహించను కూడా లేరు. కాబట్టి కన్సోల్ విప్పడానికి ముందు గదిని పరీక్షించాలి. దీపాలు ఆర్పి, ఫోన్లు బయట పెట్టి, కంప్యూటర్ చార్జర్లు తీసి వినండి. కొన్నిసార్లు స్క్రూడ్రైవర్ పట్టకుండానే పని పూర్తవుతుంది.

ఆ తరువాత క్రమంగా సగాలుగా విభజించుకుంటూ పోవాలి. మాస్టర్ ఫేడర్ దించండి. రొద ఇంకా ఉంటే అది దాని తరువాతి భాగంలో ఉంది. పోయిందంటే దానికి ముందు ఉంది. తరువాత చానళ్లన్నీ దించి, ఒక్కొక్కటి ఎత్తి చూడండి. అనుమానమున్న చానల్ కార్డును పక్క స్థానంలోకి మార్చండి. రొద కార్డుతోపాటు వెళితే దోషం కార్డులో, అక్కడే ఉంటే స్థానంలో. ప్యాచ్ బేలో ప్లగ్గును నాలుగుసార్లు పెట్టి తీస్తే రొద మారిందంటే, నల్లబడిన కాంటాక్టులే కారణం. ఒకసారి ఒకే మార్పు చేయాలి, ప్రతి మార్పూ రాసుకోవాలి. శాసనాలు చదివే చరిత్రకారుడు పాటించే నియమాలే ఇవి.

ఒక్క తీగ విషయంలో రాజీ వద్దు

ఈ పాఠంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇది. రెండు పరికరాలు రెండు వేర్వేరు చోట్ల ఎర్త్ అయినప్పుడు వాటి మధ్య కరెంటు పారి హమ్ వస్తుంది. దానిని ఆపడానికి కొందరు కరెంటు ప్లగ్గులో లావుపాటి మూడో పిన్నుకు వెళ్లే ఎర్త్ తీగను కోసేస్తారు. హమ్ నిజంగానే ఆగిపోతుంది. అందుకే ఈ అలవాటు పోవడం లేదు. కానీ ఆ రోజు నుంచి ఆ లోహపు బల్లకు రక్షణ లేదు. లోపల ఎక్కడైనా ఫేజ్ తీగ పెట్టెకు తగిలితే ఫ్యూజు పోదు. ముట్టుకున్న మనిషి గుండా 230 వోల్టుల కరెంటు భూమికి చేరుతుంది. 1972 మే 3న ఇంగ్లండు పొరుగునున్న వేల్స్‌లోని స్వాన్‌సీ నగరంలో లెస్ హార్వే అనే గిటార్ కళాకారుడు సరిగా ఎర్త్ లేని మైకును తాకి వేదిక మీదనే విద్యుదాఘాతానికి గురై మరణించారు.

హమ్ ఆపడానికి ప్రాణం పణంగా పెట్టనక్కరలేదు. రెండు పరికరాల మధ్య ధ్వని మార్గంలో ఒక ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టవచ్చు. అన్నిటికీ ఒకే చోటి నుంచి కరెంటు ఇవ్వవచ్చు. కొన్ని సందర్భాల్లో ధ్వని కేబుల్ షీల్డును ఒక చివర విడదీయవచ్చు. కరెంటు ఎర్త్ జోలికి మాత్రం ఎవరూ పోరాదు. మీరు పాత కన్సోల్ తీసుకుంటే మొదట విప్పి చూడవలసింది దాని ప్లగ్గునే. వెనకటి యజమాని ఎవరైనా ఆ తీగ కోశారేమో చూసుకోండి.

నిశ్శబ్దం ఎవరి కోసం?

ఇంత శ్రమ ఎందుకు, కంప్యూటరు రొదను తీసేయదా అని మీరు అడగవచ్చు. దీనికి జవాబు మన సంగీతంలోనే ఉంది. రొద తీసే సాఫ్ట్‌వేర్లలో చాలావరకు మారకుండా నిలకడగా సాగే ధ్వనిని రొదగా గుర్తిస్తాయి. మన కచేరీలో అలా నిలకడగా సాగేది తంబూరా. జాగ్రత్త లేకుండా వాడితే బుసతోపాటు తంబూరా జీవం కూడా పలచబడుతుంది.

హమ్ విషయం మరీ సున్నితం. ఒకటో శ్రుతిలో, అంటే సుమారు 131 హెర్ట్జ్ షడ్జంతో పాడే గాయకుడి తంబూరాలో మంద్ర పంచమం తీగ 98 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. పవర్ సప్లై హమ్ 100 దగ్గర ఉంటుంది. రెండూ కలిస్తే సెకనుకు రెండుసార్లు ఊగే అలలు పుట్టి శ్రుతి చెదిరినట్టు అనిపిస్తుంది. 100 హెర్ట్జ్‌ను కోసేస్తే పంచమం కూడా గాయపడుతుంది. అదే ఎండిన కెపాసిటర్‌ను ముందే మార్చి ఉంటే ఏదీ కోయనక్కరలేదు.

ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. హైదరాబాదులోని దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసింది. ఆ తరాల కచేరీలు, నాటకాలు, ప్రసంగాలలో మనకు మిగిలినవి ఎక్కువగా టేపుల మీదే ఉన్నాయి. టేపు పాతబడే కొద్దీ దానిని తిప్పే అవకాశాలు తగ్గుతాయి. దానిని డిజిటల్ రూపంలోకి మార్చే రోజున మధ్యలో రొద చేసే కన్సోల్ ఉంటే, ఆ రొద కూడా శాశ్వతమవుతుంది. తరువాతి తరం దానిని ఆనాటి రికార్డింగ్ దోషమనుకుంటుంది, మనం చేర్చినదని వారికి తెలిసే దారి ఉండదు.

కనుక మీ ఊరి కళాశాలలోనో, రికార్డింగ్ గదిలోనో మూలపడిన కన్సోల్ ఉంటే పాత సామానుకు వేసే ముందు ఒకసారి స్విచ్చి వేసి వినండి. అది బుసా, హమ్మా, చిటపటా? 50 పలుకుతోందా, 100 పలుకుతోందా? ఒక నోటుపుస్తకం, ఒక మల్టీమీటరు, ఒక 200 ఓముల నిరోధకం దగ్గర పెట్టుకుని, మొదటి పేజీలో తేదీ వేసి, విన్నది విన్నట్టు రాయడంతో పని మొదలుపెట్టండి.